పైనున్నమోయ్

ఆడమనిషి నీడైనా పడని ఆ తోటలో కూడా పర్శరాములు చెట్టెక్కినప్పుడల్లా కేక వేసేవాడు. ఖర్జూరపు చెట్టుకు దండం పెట్టుకుని, మోకు చెట్టు చుట్టూ తిప్పి నడుముకు తగిలించుకుని, నాలుగు బారలు పైకి పాకగానే "పైనున్ననోయ్!" అని తోట ఈ చివర నుంచి ఆ చివరకు వినబడేలా అరిచేవాడు. రోజుకి ఇరవై చెట్లు, ఇరవై కేకలు. పంపు షెడ్డులో మధ్యాహ్నం కాస్త కునుకు తీద్దామనుకునే నాకు ఒళ్ళు మండేది.

"ఎవరున్నారని అన్నా ఆ అరుపు? మేకలు సిగ్గుపడతాయనా?" అన్నాను ఒకరోజు.

అతను చెట్టు మీంచే నవ్వాడు. కిందికి దిగాక, మోకు విప్పి భుజాన వేసుకుంటూ చెప్పాడు. "మా ఊర్లె తాటిచెట్టెక్కితె అందరి వాకిండ్లు కనవడ్తయి తమ్మీ. ఆడోళ్ళు తడకల సాటున తానం జేస్తుంటరు. పైన మనిషున్నడని ముందుగాల్నే ఎర్క జెయ్యాలె. ఎక్కినోనికి అందరు కనవడ్తరు, ఆయన మాత్రం ఎవ్వలకు కనవడడు. సప్పుడు జెయ్యకుంట పైకెల్లి మనుషులను సూసుడు పాపం. మా నాయిన మోకు కంటె ముందు నాకు గా కేక నేర్పిండు."

"ఇక్కడ తడకలెక్కడివి?"

"మనుషులైతె ఉన్నరు గదా" అన్నాడు.

నేను పెద్దగా నవ్వాను. అప్పట్లో నాకు ప్రతిదానికీ నవ్వొచ్చేది.

ఇది ఎనభై మూడు నాటి మాట. బనియాస్ దాటి అల్ ఐన్ రోడ్డు మీద చాలా దూరం పోయి, ఎడమకి ఇసుక బాటలో దిగితే మా అర్బాబ్, అంటే యజమాని, తోట. ఆ పెద్దాయన అబుదాబీలో ఉండేవాడు, శుక్రవారాలు మాత్రం వచ్చి పాలు, ఖర్జూరాలు చూసుకుని పోయేవాడు. మిగతా ఆరు రోజులూ ముదీర్‌దే, అంటే మేనేజర్‌దే, రాజ్యం. పగలు తలుపులేసుకుని ఏసీ గదిలో ఉండేవాడు, తోటలో కేకలు అతని చెవిన పడేవి కావు. నేను కైకలూరు రత్నబాబుని, పంపు ఆపరేటర్ని. పదో తరగతి గట్టెక్కినవాణ్ణి గనక క్యాంపులో అందరి ఉత్తరాలూ నేనే రాసేవాణ్ణి, ముదీర్ హిందీ అరబ్బీ కలగలిపి ఏదైనా అంటే తెలుగులోకి నేనే తిప్పేవాణ్ణి. ఆ రెండు పనుల వల్ల నాకు కొంచెం తలకెక్కిందని ఇప్పుడు ఒప్పుకుంటాను.

మేకల్ని కాసేది పోశయ్య. మెట్‌పల్లి వైపు కురుమ. నలభై ఐదేళ్ళుంటాయి, మాట తక్కువ. ఊరినుంచి నల్లటి గొర్రెబొచ్చు గొంగడి ఒకటి తెచ్చుకున్నాడు. చలికాలం వస్తే చాలు, దాన్ని నెత్తి మీంచి కప్పుకుని, ముందుకు వంగి మంద వెనక నడిచేవాడు. అర్బాబ్ ఇచ్చిన స్వెటర్ మాత్రం మడత విప్పకుండా సాయవ్వ కోసం దాచాడు. సాయవ్వ అతని భార్య. ఆవిడకి నేను రాసిన ఉత్తరాల్లో సగం మేకల సంగతులే.

ఆ ఫిబ్రవరిలో మేకలు పోవడం మొదలైంది. నెలలో మూడు. అన్నీ సాయంత్రం, మగ్రిబ్ నమాజు వేళకే. అందరూ పని దిగి స్నానాలకి పోయిన సమయంలో. కంచె ఒకచోట కిందికంటా వంగి ఉండేది, నాలుగు వెంట్రుకలు తీగకి చిక్కుకుని ఉండేవి, అంతే. రాత్రి గాలికి ఇసుక కదిలి, తెల్లారేసరికి జాడలు మాయం. పోశయ్య, "కుక్కలు సార్, ఊరకుక్కలు. రోడ్డు కాడి క్యాంపు చెత్తకు మరిగినయి" అంటాడు. ముదీర్ నమ్మడు. పోశయ్యే మేకల్ని పక్క క్యాంపు వాళ్ళకి దాటిస్తున్నాడని అతని అనుమానం.

బుధవారం పొద్దున ముదీర్ తేల్చి చెప్పేశాడు. రేపు సాయంత్రంలోగా ఆ జంతువు శవం తన ముందు పడాలి. లేదంటే శుక్రవారం అర్బాబ్ రాగానే పోశయ్యని షుర్తాకి, అంటే పోలీసులకి, అప్పజెప్పేస్తాడు. దొంగతనం కేసు, జైలు, ఆ తర్వాత ఇంటికి. ఖలాస్.

ఆ మధ్యాహ్నం పోశయ్య అన్నం ముట్టలేదు. "జైలంటె నాకు బుగులు లేదు. మా తాత కాడికెల్లి మంద గాసినోళ్ళం. ఒక్క గొర్రెవోయిందని ఒక్కలు మమ్ముల అనలె. దొంగోని పెండ్లామని మా సాయవ్వను అంటె నేనెట్ల బతకాలె?" అన్నాడు. చెప్పింది పర్శరాములుతోనే అయినా చూపు మాత్రం నా మీదే ఉంది. ఉత్తరాలు రాసేవాడికి ఉపాయం తెలియకుండా ఉంటుందా అని కాబోలు.

ఉపాయం నా దగ్గర ఉంది. నేను అంతకుముందే క్యాంపులో గొప్పలు కొట్టి ఉన్నాను, కొల్లేట్లో ఎగిరే పిట్టని ఒక్క దెబ్బకి పడగొట్టేవాణ్ణని. నిజానికి కాల్చేది మా నాన్న. పడిన పిట్టల్ని మోకాలి లోతు నీళ్ళలో దిగి ఏరుకొచ్చేవాణ్ణి నేను. ఆ తేడా ఎవరికీ చెప్పలేదు. నేరుగా ముదీర్ దగ్గరికి పోయి, అర్బాబ్ గదిలో ఉన్న పిట్టల తుపాకి ఇప్పిస్తే ఆ కుక్కని నేనే పడేస్తానన్నాను.

ముదీర్ నన్ను ఎగాదిగా చూసి బీరువా తెరిచాడు. "కుచ్ గడ్‌బడ్ హువా తో బందూక్ తూ నికాలా. మేరేకు మాలూమ్ నహీ" అన్నాడు. ఏదైనా తేడా వస్తే తుపాకి నేను దొంగిలించినట్టు, తనకేమీ తెలియనట్టు. సరేనన్నాను.

నేల మీద మాటు వేస్తే వాసన పట్టేస్తాయి. కంచె మూల ఒక పెద్ద గాఫ్ చెట్టు ఉంది, దాని మీద కూర్చోవాలి. పర్శరాములు ఆ చెట్టుని ఏనాడో గుర్తుపట్టాడు. అది మన జమ్మిచెట్టే. దసరా నాడు దాని కొమ్మ ఒకటి తెచ్చి, ఆకులు తుంచి, నాకు కూడా చేతిలో పెట్టాడు.

"జమ్మి మీద ఆయుధం దాస్తరు తమ్మీ. ఆన్నుండి కాలుస్తరా?" అన్నాడు. అసలు బాధ అది కాదని నాకు తెలుసు. పైకెక్కి నోరు మూసుకుని కూర్చోవడం అతని వల్ల కాదు.

"నీ కేక ముఖ్యమా, పోశయ్య ముఖ్యమా?" అని కసిరాను.

అతను మోకు పేటలు వేలితో తడుముతూ, "పోశన్న కోసం ఎక్కుత" అన్నాడు.

గురువారం పొద్దున్నే పని మొదలుపెట్టాడు. జమ్మికి ముళ్ళుంటాయి. మేం ఎక్కే దారిలో ప్రతి ముల్లూ కత్తితో గీసేశాడు. కాలు పడితే పటుక్కుమనే ఎండు పుల్లలన్నీ ముందే విరిచి దూరంగా పారేశాడు. లారీలో సరుకు కట్టే వెడల్పు పట్టీ ఒకటి తెచ్చి, గోనెసంచి చుట్టి, నేను కూర్చోవడానికి ఊయలలా కుట్టాడు. ఇనుప కొక్కేనికి గుడ్డ చుట్టాడు, చప్పుడు రాకుండా. నా వాచీ తీయించాడు. తలకి నూనె వద్దన్నాడు, సబ్బు వద్దన్నాడు. పిడికెడు ఇసుక ఎగరేసి గాలి ఎటు పోతోందో చూసి, ఏ కొమ్మ మీద కూర్చోవాలో అప్పుడు తేల్చాడు. నేను తుపాకి భుజాన వేసుకుని ఎక్కబోతే లాక్కున్నాడు. "ఒట్టి తుపాకి తాడుతోని పైకి గుంజుకుందం. తూటాలు నీ జేబుల. కూసున్నంకనే నింపాలె" అన్నాడు. తుపాకి గురించి ఏమీ తెలియనివాడు, అన్నీ తెలుసని చెప్పుకున్న నాకు నేర్పుతున్నాడు.

ఎక్కే ముందు రెండు తాళ్ళు చూపించాడు. ఒకటి అతని మోకు, రెండోది ఆ ఇనుప కొక్కెం ఉన్న కొత్త నైలాన్ తాడు. "తాటికైనా ఈతకైనా కొమ్మలుండయి. కింద కట్టిన మోకు మళ్ళ కిందికొచ్చినంకనే ఇప్పాలె. గీ చెట్టుకు కొమ్మలున్నయి. కొమ్మ అడ్డమొచ్చిన కాడ ఇప్పి పైకెల్లి మళ్ళ కట్టాలె. గదే పాణం మీదికొచ్చే జాగ. ఒకటి కట్టకుంట ఇంకోటి ఇప్పకు. యాదికుంచుకో."

నాలుగింటికి ఎక్కాం. మొదటి పంగ దగ్గర నేను తొందరపడ్డాను. నైలాన్ తాడు కొక్కెం పడిందనుకుని మోకు వదిలేశాను. అది పడలేదు. కాళ్ళ కింద చెట్టు జారిపోయింది. పర్శరాములు ఒక చేత్తో నా చొక్కా కాలరు పట్టుకుని, చెట్టుకేసి నొక్కి, రెండో చేత్తో కొక్కెం తగిలించాడు. మనిషి ఊపిరి చప్పుడు కూడా బయటికి రాలేదు. నేను వణుకుతుంటే నా వీపు మీద అరచెయ్యి పెట్టి, వణుకు ఆగేదాకా అలాగే ఉంచాడు. ఆ చెయ్యి వేడి నాకింకా గుర్తుంది.

పైన నన్ను ఊయలలో కూర్చోబెట్టి, నా వెనక కొమ్మకి తనని కట్టుకున్నాడు. తుపాకి పైకి లాక్కున్నాం. తూటాలు నింపాను. కింద, చెట్టుకి ఇరవై అడుగుల దూరంలో, ముదీర్ ఎరగా ఒక మేకపిల్లని మేకుకి కట్టించాడు. అది పోశయ్య పాలసీసాతో పెంచినది. దాని తల్లి పోయిన మూడు మేకల్లో ఒకటి. వేరేది కట్టండి సార్ అని పోశయ్య బతిమాలినా వినలేదు. చిన్నదైతే బాగా అరుస్తుందన్నాడు. పోశయ్యని క్యాంపు గది దాటి రావద్దని చెప్పి, తను షెడ్డు వెనక పికప్‌లో కూర్చున్నాడు.

పిల్ల అరిచింది. గంటన్నర అరిచింది. చెట్టు మీంచి తోటంతా కనబడుతోంది. కొళాయి దగ్గర ఒకడు తల రుద్దుకుంటున్నాడు, ఒకడు లుంగీ పిండుతున్నాడు. మేమున్నామని వాళ్ళకి తెలియదు. పర్శరాములు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నాకు మాత్రం గమ్మత్తుగా ఉంది, నిజం చెప్పాలి కదా. అందరూ కనబడుతూ మనం ఎవరికీ కనబడకపోవడంలో ఏదో మత్తు ఉంది.

ఎండ పోయింది. దూరంగా మగ్రిబ్ అజాన్ వినిపించి ఆగిపోయింది. ఇసుకా ఆకాశం ఒకే బూడిదరంగుకి తిరిగాయి. పిల్ల గొంతు మారింది. మేకు చుట్టూ తిరిగి తిరిగి తాడు మెడకి చుట్టుకున్నట్టుంది, కీచుమంటోంది. అప్పుడు కంచె వార నల్లగా ఏదో కదిలింది.

అది నేలబారుగా, నాలుగు కాళ్ళ మీద వచ్చినట్టే వచ్చింది. కొంచెం ఆగింది. మళ్ళీ కదిలింది. వీపంతా బొచ్చు. రెప్పపాటులో పోశయ్య బతికిపోతాడు, రేపు క్యాంపంతా నా పేరే చెప్పుకుంటుంది అనుకున్నాను. రెండూ అనుకున్నాను. తుపాకి భుజానికి ఆనించి, ఆ నల్లటి వీపు మధ్యకి గురి కుదుర్చుకుని, వేలు మీట మీద పెట్టాను.

"పైనున్నమోయ్!"

నా చెవి పక్కనే. తోటంతా దద్దరిల్లింది. నా చెయ్యి అదిరి తుపాకి గొట్టం ఆకాశం వైపు లేచింది. తుపాకి పేలలేదు, దేవుడి దయ. కింద ఆ నల్లటిది నిలువునా లేచి నిలబడింది. గొంగడి నెత్తి మీంచి జారింది. పోశయ్య. విప్పిన తాడు ఒక చేతిలో, మేకపిల్ల ఇంకో చేతి సందున.

కొల్లేటి వాణ్ణి నాకు గొంగడి ఏం తెలుసు? దాన్ని కప్పుకుని వంగి నడిచే కురుమని పర్శరాములు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాడు. చూసిన క్షణంలోనే తెలుసుకున్నాడు. పేరు పెట్టి పిలవలేదు, పారిపొమ్మనలేదు. చెట్టు మీద ఉన్నవాడు కింద మనిషిని చూస్తే ఏమంటాడో అదే అన్నాడు.

మేం దిగేసరికే ముదీర్ టార్చి పట్టుకుని అక్కడున్నాడు. రెండో చేత్తో పోశయ్య రెక్క పట్టుకుని ఉన్నాడు. "మెడకు తాడు బిగుసుకున్నది సార్. సచ్చిపోతదని ఒచ్చిన" అని పోశయ్య తెలుగులోనే మొత్తుకుంటున్నాడు. ముదీర్ అది నన్ను అడగలేదు. టార్చి పర్శరాములు మొహం మీద వేసి, "తూ క్యూఁ చిల్లాయా?" అన్నాడు, ఎందుకరిచావని. పర్శరాములు తనకొచ్చిన నాలుగు ముక్కల హిందీలో, ఆద్మీ సాబ్, అప్నా ఆద్మీ, అన్నాడు, మన మనిషేనని.

అప్పుడు టార్చి నా మీదికి తిరిగింది. "రతన్, తూ బోల్. అది కుక్కా, మనిషా? వాడేం చేస్తున్నాడు? వీడు అరిచిన మాటకి అర్థమేంటి?"

నా చేతిలో తుపాకి ఉంది. అందులో రెండు తూటాలున్నాయి. మనిషి వీపుకి గురిపెట్టానని చెప్పాలి. కేక పడకపోతే ఈపాటికి పోశయ్య శవమని చెప్పాలి. చీకట్లో సరిగ్గా చూడకుండా వేలు మీట మీద పెట్టానని, పిట్టని కూడా కాల్చి ఎరగనివాణ్ణని చెప్పాలి. బందూక్ తూ నికాలా అన్న మాట గుర్తొచ్చింది. నాకు భయమేసింది. అంతకు మించి కారణమేమీ లేదు, ఎంత వెతికినా.

"ఆద్మీ సాబ్" అన్నాను. "రస్సీ ఖోల్ రహా థా." మనిషే, తాడు విప్పుతున్నాడు. ఇక ఆ కేక. మేం పైన ఉన్నాం అని దాని అర్థమని చెప్పాను.

ఒక్క అక్షరం అబద్ధం లేదు. పిల్ల మెడకి తాడు బిగుసుకుందని, పర్శరాములు ప్రతి చెట్టు మీదా అదే కేక వేస్తాడని, అది వాళ్ళ ధర్మమని, ఆ మిగతా ముక్కలు చెప్పలేదు, అంతే. ముదీర్ దొంగా దొంగా ఊళ్ళు పంచుకున్నారన్నట్టు ఇద్దర్నీ చూసి, "సిగ్నల్ దియా" అన్నాడు. పర్శరాములుకి హిందీ పూర్తిగా రాదు కానీ సిగ్నల్ అన్న మాట తెలుసు. నా వైపు తిరిగి చూశాడు. కోపంగా కాదు. ఇంకా ఏదో చెప్తానని ఎదురుచూస్తున్నట్టు చూశాడు. నేను తూటాలు బయటికి తీసే పనిలో మునిగిపోయాను.

పర్శరాములుని వదిలేశారు. ఖర్జూరాలకి పుప్పొడి వేసే కాలం, చెట్లెక్కేవాడు మరొకడు లేడు. పోశయ్యని శుక్రవారం పికప్‌లో ఎక్కించారు. గొంగడి తెచ్చుకోనివ్వలేదు. సాయవ్వ స్వెటర్ మాత్రం చంకలో పెట్టుకున్నాడు. మేకపిల్లని పర్శరాములు చేతికిస్తూ, "పాలు గోరువెచ్చగ పొయ్యి పర్శన్నా" అన్నాడు. నా దగ్గర ఆగి, "రత్నబాబూ, సాయవ్వకు నువ్వు ఏం రాయకు. నేనే పోయి జెప్త" అన్నాడు. ఆ మాటలో ఏ ఎత్తిపొడుపూ లేదు. ఉండి ఉంటే నాకు బాగుండేది. పదిరోజులు లాకప్‌లో ఉంచి విమానం ఎక్కించారని తర్వాత తెలిసింది.

విమానం ఎక్కించిన నాలుగో రోజున కుక్కలు వచ్చాయి. ఆరు. పట్టపగలు, మగ్రిబ్ దాకా కూడా ఆగకుండా. పోశయ్య చూపించిన కంచె మూలనే దూరి, కొత్తగా వచ్చిన కాపరి రాజేశ్వర్ కళ్ళముందే రెండు మేకల్ని చీల్చేశాయి. ముదీర్ రాళ్ళు విసురుతూ పరిగెత్తాడు. నేను అతని వెనక పరిగెత్తాను, ఆయాసంతో ఆగిన చోటే మొత్తం చెప్పేశాను. గురి, వేలు, కేక, వాళ్ళ ధర్మం, అన్నీ. ముదీర్ నుదుటి చెమట తుడుచుకుని, "అభీ క్యూఁ బోల్తా? వో గయా. ఖలాస్" అన్నాడు. ఇప్పుడెందుకు చెప్తున్నావు, వాడు పోయాడు, అయిపోయిందని.

పర్శరాములు మేకపిల్లకి పాలు పడుతుంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. ముదీర్‌తో చెప్పేశానన్నా, అన్నాను. అతను సీసా వంచి పట్టుకుని అడుగు చుక్క వరకూ తాగించాడు.

"గా దినం రెండో తాడు కట్టకుంటనే మోకు ఇడిసినవు. నేను పట్టుకున్న" అన్నాడు. "పోశన్నకు నువ్వే రెండో తాడువి తమ్మీ."

మళ్ళీ నాతో ఆ సంగతి ఎత్తలేదు. తిట్టలేదు. అన్నం వండితే నా వంతు నాకు తీసిపెట్టేవాడు. ఉత్తరం మాత్రం బనియాస్ పోయి, దర్జీ జానీ బాషా చేత రాయించుకొచ్చాడు.

తర్వాతి వారం ఒక ఉదయం నేను కాలవకి నీళ్ళు మళ్ళించడానికి ఖర్జూరపు వరసలోకి వెళ్ళాను. పర్శరాములు చెట్టు మొదట్లో మోకు బిగిస్తున్నాడు. నన్ను చూశాడు. దండం పెట్టుకుని ఎక్కాడు. నాలుగు బారలు ఎక్కాడు, సగం ఎక్కాడు, మొవ్వు దాకా ఎక్కాడు. నేను పార భుజాన పెట్టుకుని, ఏ కేకకైతే ఏడాదంతా విసుక్కున్నానో దాని కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. పైన కత్తి చప్పుడు మొదలైంది. ఎండుమట్ట ఒకటి తెగి, నా కాళ్ళకి మూరెడు దూరంలో ధబ్బున పడింది.

అప్పుడే వరస ఆ చివర రాజేశ్వర్ మేకల్ని తోలుకుంటూ వచ్చాడు.

"పైనున్ననోయ్!" అని పర్శరాములు కేక వేశాడు.